పైలట్ ఆఫర్ లెటర్ చేతికొచ్చిందా? సంతకం పెట్టేముందు ఇట్ల చూసుకోండి

పోయిన నెల లీవ్‌కి తిరుపతి వచ్చినప్పుడు పుత్తూరు పక్క నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేసినాడు, వాళ్ళ మామకీ మా నాయనకీ పరిచయం. "అన్నా, ఎయిర్‌లైన్ ఆఫర్ లెటర్ వచ్చింది, జీతం బాగానే ఉండాది, సోమవారం లోపల సంతకం పెట్టి పంపమన్నారు, పెట్టేసేదా?" అన్నాడు. నేను నాలుగే అడిగినా. బాండ్ (ఇన్నేళ్ళు చేస్తాం, ముందే పోతే డబ్బు కడతాం అనే ఒప్పందం) ఏ తేదీ నుంచి మొదలవుతుంది, నెలకి ఎన్ని గంటలకి గ్యారంటీ జీతం, సీనియారిటీ ఏ తేదీతో లెక్కేస్తారు, మెడికల్‌లో ఆరు నెలలు అన్‌ఫిట్ అయితే ఇంటికి ఎంతొస్తుంది. నాలుగిట్లో ఒక్కదానికీ బదులు చెప్పలేకపోయినాడు, జీతం రాసిన పేజీ తప్ప మిగతావి తిప్పనే లేదంట. పిల్లోణ్ణి అనేదానికి లేదు, మనూర్లో ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ గురించి అడిగితే వీధికి పదిమంది చెప్తారు గానీ ఇది చెప్పేవాళ్ళు యాడుండారు. అందుకే కూర్చోని రాస్తా ఉండా, పొడుగైనా ఓపిగ్గా చదవండి.

నేను ఏటీఆర్ అనే చిన్న విమానంలో ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కెప్టెన్ పక్కన కూర్చునే రెండో పైలట్‌గా మొదలుపెట్టి, తర్వాత ఎయిర్‌బస్ జెట్‌కి మారి, ఇప్పుడు కెప్టెన్‌గా చేస్తా ఉండా. చెప్పేదంతా ఈ దారిలో నేను చూసిందే.

అప్పు చేసేముందు మెడికల్

ఇంకా ఫ్లయింగ్ స్కూల్లో చేరని వాళ్ళకి ఒక్క మాట. మన దేశంలో సీపీఎల్, అంటే పైలట్ ఉద్యోగానికి కావాల్సిన లైసెన్స్ రావాలంటే 200 గంటల ఫ్లయింగ్, డీజీసీఏ (విమానాల సంగతి చూసే కేంద్ర సంస్థ) పేపర్లలో ఒక్కోదాంట్లో 70 శాతం మార్కులు, రేడియో లైసెన్స్, అన్నిటికీ ముందు మెడికల్. చానామంది స్కూల్ ఫీజు మొదటి కంతు కట్టేసి ఆ తర్వాత మెడికల్‌కి పోతారు. అట్ల చేయొద్దు. ముందు డీజీసీఏ లిస్టులో ఉండే డాక్టర్ దగ్గర క్లాస్ 2 అనే మొదటి మెడికల్ చేయించుకోని, ఆ వెంటనే ఉద్యోగానికి కావాల్సిన క్లాస్ 1 కూడా చేయించేయండి. మనకి దగ్గర బెంగళూరు, అక్కడ ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ ఉంది, పలమనేరు మీద నుంచి బస్సులో పోయి రావచ్చు. కళ్ళల్లో రంగులు గుర్తుపట్టలేని లోపం ఉందని, గుండె ఈసీజీలో తేడా ఉందని తెలిసేది అక్కడే. కోర్సుకి యాభై లక్షలు దాటుతుంది, ఎయిర్‌లైనే ట్రైనింగ్ ఇప్పించే కేడెట్ ప్రోగ్రాములు కొన్నయితే కోటి దాటతాయి, మామిడి తోట తాకట్టు పెట్టి కట్టేవాళ్ళం మనం, కాబట్టి క్లాస్ 1 పేపర్ చేతికి రాకుండా బ్యాంకు మెట్లు ఎక్కొద్దు.

ఇప్పుడు ఆఫర్ వచ్చినవాళ్ళ సంగతికి వస్తా.

మొదట ఏ విమానమో తేల్చుకోండి

రేణిగుంటలో దిగే విమానాలు చూసుంటారు గదా, ఫ్యాన్ రెక్కలు బయటికి కనపడేది ఏటీఆర్, 70, 80 మంది పట్టేది, పెద్దది ఎయిర్‌బస్ ఏ320 రకం. కొత్తగా చేరేవాళ్ళకి ఈ రెండిట్లో ఏది అనేది మొదటి పెద్ద నిర్ణయం, కొన్నిసార్లు కంపెనీయే వేస్తుంది, కొన్నిసార్లు అడుగుతుంది. అడిగితే చానామంది ఆలోచించకుండా జెట్ అంటారు, ఇంట్లో చెప్పుకునేదానికి పెద్ద విమానం బాగుంటుంది గదా.

నా లెక్క వేరే. ఏటీఆర్‌లో సెక్టార్లు, అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఒక్కో ప్రయాణం, చిన్నవి, ఇక్కడ నుంచి హైదరాబాద్ గంట చిల్లర, రోజుకి నాలుగు ల్యాండింగులు చేస్తారు, చేయి తిరగడం త్వరగా తిరుగుతుంది. ఏటీఆర్ నుంచి జెట్‌కి పోవాలని సీనియర్లు లైన్‌లో ఉంటారు కాబట్టి పైన ఖాళీలు వస్తా ఉంటాయి, కమాండ్ అంటే కెప్టెన్ సీటు కొన్ని కంపెనీల్లో ముందే దొరుకుతుంది. నష్టం ఏందంటే గంటకి ఇచ్చే రేటు జెట్ కంటే తక్కువ ఉంటుంది, రేపు విదేశీ ఎయిర్‌లైన్‌కి పోవాలంటే వాళ్ళు జెట్ గంటలే ఎక్కువగా అడుగుతారు. కాబట్టి ఏటీఆర్ ఇస్తామంటే ఒకటే అడగండి: ఇక్కడ కెప్టెన్ అయినాక ఎయిర్‌బస్‌కి మారితే కెప్టెన్‌గానే తీసుకుంటారా లేకుంటే మళ్ళీ కుడిపక్క సీటులో కూర్చోబెడతారా, మారేదానికి కొత్త బాండ్ ఉందా? ఈ బదులు తెలిస్తే మీ పదేళ్ళ బొమ్మ కనపడుతుంది. నేనైతే ఇంట్లో అప్పు భారం మరీ గొంతుమీద లేకపోతే ఏటీఆర్‌లో మొదలుపెట్టడం మంచిదే అంటా, భారం ఉంటే జెట్టే తీసుకోండి.

ప్రమోషన్ ఎప్పుడొస్తుందో మీరే లెక్కేసుకోండి

కెప్టెన్ కావాలంటే సీపీఎల్ కంటే పైదైన ఏటీపీఎల్ లైసెన్స్ ఉండాలి, దానికి 21 ఏళ్ళు నిండాలి, 1500 గంటలు ఉండాలి. మన రూల్ ప్రకారం ఏడాదికి 1000 గంటల కంటే ఎక్కువ ఎగరకూడదు కాబట్టి కాగితం మీద అయితే రెండేళ్ళలో ఆ గంటలు వచ్చేస్తాయి. కానీ కంపెనీలు తమ సొంత రూల్ పెట్టుకుంటాయి, ఇన్ని వేల గంటలు, ఇన్నేళ్ళు సర్వీసు, సిమ్యులేటర్ (నేల మీద ఉండే నకిలీ కాక్‌పిట్) పరీక్షలు ఇన్నిట్లో మంచి గ్రేడ్ అని. ఇంటర్వ్యూలో "మా దగ్గర నాలుగేళ్ళలో కమాండ్" అని చెప్తే అది పోయినేడు అయిన వాళ్ళ లెక్క, మీకు నాలుగేళ్ళ తర్వాత ఏమవుతుందో అది చెప్పదు.

మీరు చూడాల్సింది ఏందంటే, ఒకటి, మీ ముందర ఎంతమంది ఫస్ట్ ఆఫీసర్లు ఉండారు. రెండు, విమానాలు ఎన్ని వస్తా ఉండాయి. ఆర్డర్ వేరు, రావడం వేరు. 2023లో ఇండిగో ఒకేసారి 500, ఎయిర్ ఇండియా 470 విమానాలకి ఆర్డర్లు ఇచ్చినాయి, పేపర్లలో పెద్ద పెద్ద అక్షరాలతో వచ్చింది, అది చూసి మన పిల్లోళ్ళందరూ కమాండ్ వచ్చేసినట్టే అనుకున్నారు, కానీ ఫ్యాక్టరీ నుంచి విమానం వచ్చేది ఏళ్ళ మీద, ఆ లోపల ఇంజిన్ సమస్యలతో ఉన్న విమానాలే నేల మీద నిలబడిపోయిన కాలం కూడా చూసినాం. మూడు, ఆ కంపెనీలో విదేశీ కెప్టెన్లు ఉండారా. ఉంటే బాధపడద్దు, కెప్టెన్లు చాలక తాత్కాలిక పర్మిషన్ మీద వాళ్ళని తెచ్చుకున్నారని అర్థం, అంటే మీ కమాండ్ దగ్గరపడే సూచన. నాలుగు, బయట కంపెనీల నుంచి నేరుగా కెప్టెన్లని తీసుకుంటా ఉండారా. అది జాస్తిగా ఉంటే మీ లైన్ కదలదు. ఇవన్నీ కంపెనీ చెప్పదు, లోపల పనిచేసే ఫస్ట్ ఆఫీసర్లని ఇద్దరు ముగ్గుర్ని అడగండి, చెప్తారు, మా వాళ్ళు చానా మంచోళ్ళు ఈ విషయంలో.

ఇంక సీనియారిటీ నంబర్, అంటే కంపెనీ పైలట్ల వరసలో మీ స్థానం. ఈ ఉద్యోగంలో బేస్ (డ్యూటీ మొదలయ్యే ఊరు), లీవ్, విమానం మారడం, కమాండ్ అన్నీ చానావరకు దాని మీదే నడుస్తాయి. అమెరికాలో అయితే ఇది పూర్తిగా ఇనుప రూలు, పాతికేళ్ళ కెప్టెన్ అయినా కంపెనీ మారితే కొత్త లిస్టులో అడుగున చేరాల్సిందే. మన దగ్గర కెప్టెన్‌గా నేరుగా మారే దారి ఉంది గానీ ఫస్ట్ ఆఫీసర్‌గా మారితే మాత్రం దాదాపు అదే కత. అందుకే నంబర్ ఎట్ల ఇస్తారో రాతలో అడగండి: చేరిన తేదీతోనా, ట్రైనింగ్ అయిపోయి లైన్ రిలీజ్ (మామూలు ప్యాసింజర్ ఫ్లైట్లకి వదలడం) అయిన తేదీతోనా, ఒకే రోజు చేరిన పదిమందిలో ఎవరు ముందు. సిమ్యులేటర్ ఖాళీ లేక మీ బ్యాచ్ ఆరు నెలలు ఆగిపోయి, వెనకాల చేరిన బ్యాచ్ ముందు రిలీజ్ అయితే, మీ నంబర్ పోతుందా ఉంటుందా?

ఆ నంబర్ ఎంత గట్టిదైనా కంపెనీ ఉన్నన్నాళ్ళే. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో. జీతం బాకీ ఉండగానే చానామంది రోడ్డు మీదికొచ్చినారు. కాబట్టి కంపెనీ జీతాలు టయానికి ఇస్తా ఉందా లేదా అనేది ఎంత ఇస్తుంది అనేదానికంటే ముందు అడగండి.

ఆఫర్ కాగితం పెన్సిల్ పట్టుకోని చదవండి

ఇది అసలు పని. ఒక పూట పెట్టుకోండి, తలుపేసుకోని కూర్చోండి.

జీతంలో మొదట చూసేది గ్యారంటీ గంటలు. అంటే మీరు ఎగిరినా ఎగరకపోయినా ఇన్ని గంటలకి డబ్బులు ఖాయం అనేది. ఊరికే లెక్క కోసం గంటకి 3000 అనుకుందాం. 70 గంటల గ్యారంటీ అయితే 2,10,000. 40 గంటల గ్యారంటీ అయితే 1,20,000. మంచి సీజన్‌లో రెండూ ఒకటే మాదిరి కనపడతాయి, ఎందుకంటే ఎట్లా 70 గంటలు ఎగురుతారు కాబట్టి. విమానం మూలన పడితే, మీకు జ్వరమొస్తే, ట్రైనింగ్‌లో కూర్చుంటే అప్పుడు నెలకి 90,000 తేడా. 2024 ఏప్రిల్‌లో విస్తారా పైలట్లు అంత గొడవ పడింది ఇందుకే, ఎయిర్ ఇండియాలో కలిపేముందు కొత్త కాంట్రాక్ట్‌లో 70 గంటల లెక్కని 40 చేసినారు, పైలట్లు చాలక ఫ్లైట్లు రద్దయ్యి, కంపెనీ ఫ్లైట్లే తగ్గించుకోవాల్సి వచ్చింది. బ్యాంకు కంతు కట్టేవాళ్ళు ఎప్పుడూ గ్యారంటీ అంకె మీదే లెక్కేసుకోండి, పైన వచ్చేది వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

అట్లనే స్టాండ్‌బై రోజుకి, అంటే పిలిస్తే పోయేదానికి సిద్ధంగా ఉండే రోజుకి డబ్బులు ఉండాయా, వేరే ఊరికి ప్యాసింజర్ సీట్లో కూర్చోని డ్యూటీకి పోతే ఆ గంటలకి ఎంత, సిమ్యులేటర్‌లో ఉన్న రోజులకి ఎంత, గంటలు లెక్కేసేది టైమ్‌టేబుల్ ప్రకారమా లేకుంటే చాక్స్ (చక్రాలకి అడ్డం పెట్టే దిమ్మలు) తీసిన కాడ నుంచి చాక్స్ పెట్టేదాకానా. ఇవి చిన్నచిన్నవే, నెల తిరిగేసరికి పెద్దవి.

తర్వాత బాండ్. నాకు దెబ్బ తగిలింది ఇక్కడే. నా మొదటి కంపెనీలో అయిదేళ్ళ బాండ్, నేను చేరిన రోజు నుంచే అనుకున్నా, అందరూ అట్లనే అనుకున్నారు. మా బ్యాచ్‌కి సిమ్యులేటర్ దొరక్క, ఇన్‌స్ట్రక్టర్ దొరక్క పదకొండు నెలలు స్టైపెండ్ మీద ఉన్నాం. తర్వాత కాగితం తీసి చూస్తే లైన్ రిలీజ్ అయిన తేదీ నుంచి అయిదేళ్ళు అని ఉంది. అంటే నా జీవితంలో దాదాపు ఆరేళ్ళు ఆ కాగితానికి కట్టుబడి పోయినాయి. పైగా సంవత్సరానికింత తగ్గే పద్ధతి లేదు, నాలుగున్నర ఏళ్ళకి పోయినా మొత్తం కట్టాల్సిందే అని రాసుంది. జామీనుగా సంతకం పెట్టింది మా నాయన. ఆయన ఇంగ్లీషు చదవలేడు, నేను చెప్తే పెట్టినాడు. ఆ విషయం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. మీరు మాత్రం నాలుగు చూడండి: మొదలయ్యే తేదీ, ఏడాదికేడాది మొత్తం తగ్గుతుందా, కంపెనీయే ట్రైనింగ్ లేట్ చేస్తే ఆ కాలం కలుపుతారా, మెడికల్ పోయి ఉద్యోగం పోతే బాండ్ మాఫీ అవుతుందా. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టండి అంటే ఇవ్వద్దు, చూపించి తెచ్చుకోండి.

మెడికల్ సంగతి కూడా ఇంతే ముఖ్యం. ఏడాదికోసారి క్లాస్ 1 పాస్ కావాలి మనం, వెన్నునొప్పి వచ్చినా, షుగర్ వచ్చినా సీటు దిగాల్సి రావచ్చు. మెడికల్ పోయి ఎగరలేకపోతే డబ్బిచ్చే లాస్ ఆఫ్ లైసెన్స్ ఇన్సూరెన్స్ కంపెనీ కడతుందా, ఎంతకి, మొదటి రోజు నుంచా ప్రొబేషన్ అయినాకనా. కట్టకపోతే మీరే సొంతంగా తీసుకోండి, అప్పు ఉన్నవాళ్ళు కచ్చితంగా. చెల్లెళ్ళు ఇంకొకటి చూడండి, ప్రసూతి సెలవు 26 వారాలు చట్టమే ఇస్తుంది గానీ అంతకంటే ముందు కడుపుతో ఉండి ఫ్లయింగ్ ఆపిన నెలల్లో ఆఫీసు పని ఇస్తారా, జీతం ఏ లెక్కన ఇస్తారు, సీనియారిటీ కదలకుండా ఉంటుందా. మన దేశంలో పైలట్లలో ఆడపిల్లల వాటా ప్రపంచంలోనే బాగా ఎక్కువ, అయినా ఈ లైను అడిగితేనే చెప్తారు.

నోటీస్ పీరియడ్. డీజీసీఏ 2017 ఆగస్టులో పెట్టిన రూల్ ప్రకారం ఫస్ట్ ఆఫీసర్‌కి ఆరు నెలలు, కెప్టెన్‌కి ఏడాది. ఇంత పొడుగు నోటీస్ వేరే ఏ ఉద్యోగంలో ఉందో చెప్పండి. 2023లో ఆకాశ ఎయిర్ నుంచి 43 మంది నోటీస్ పూర్తి చేయకుండా పోయినారని కంపెనీ కోర్టుకి పోయింది, కాబట్టి ఇది మాటల్లో ఉండే రూల్ కాదు. కానీ అదే రూల్లో చానామందికి తెలియని లైను ఒకటి ఉంది: నోటీస్ కాలంలో కంపెనీ జీతం తగ్గించినా, మీకు నష్టం కలిగేలా షరతులు మార్చినా, గడువుకి ముందే వదలమని అడిగే హక్కు పైలట్‌కి ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి, జీతం స్లిప్పులన్నీ దాచిపెట్టుకోండి.

రెస్ట్ గురించి రూల్ ఉంది గదా అని ఊరుకోవద్దు

కొత్త డ్యూటీ టైమ్ రూల్స్ చానా ఏళ్ళు అడిగితే, కోర్టులో కొట్లాడితే వచ్చినాయి. 2024 జనవరిలో ప్రకటించి 2025 జులైలో కొంత, నవంబర్‌లో మిగతాది అమల్లో పెట్టినారు. వారానికి రెస్ట్ 36 గంటల నుంచి 48కి పెరిగింది, రాత్రి అంటే తెల్లారి ఆరు దాకా అని మార్చినారు, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకి తగ్గించినారు. 2025 డిసెంబర్ మొదట్లో ఈ రూల్స్‌కి సరిపడా పైలట్లు లేక ఇండిగో ఫ్లైట్లు వేలల్లో రద్దయినాయి, కొండకి వచ్చే భక్తులు కూడా ఎయిర్‌పోర్టుల్లో పడిగాపులు కాసినారు. అప్పుడు ఏం జరిగిందంటే వారపు రెస్ట్ బదులు లీవ్ లెక్క కట్టకూడదు అనే లైనుని డీజీసీఏ వెనక్కి తీసుకుంది, రాత్రి డ్యూటీ రూల్స్‌లో కూడా ఇండిగోకి తాత్కాలికంగా సడలింపు ఇచ్చింది. ప్యాసింజర్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది, మా అమ్మ వయసువాళ్ళు నేల మీద పడుకోని ఉండారు. కానీ అలసిపోయిన పైలట్ చేతిలో విమానం పెట్టడం వాళ్ళకి మేలు చేసినట్టు కాదు. ప్రభుత్వ రూల్ ఒక్క రాత్రిలో మారొచ్చు, మీ కాంట్రాక్ట్‌లో రాయించుకున్న లైను మాత్రం మీ సంతకం లేకుండా మార్చడం కష్టం. నెలకి ఇన్ని రోజులు ఆఫ్ అని, రోస్టర్ (డ్యూటీల పట్టిక) ఇన్ని రోజుల ముందు ఇస్తాం అని, ఆఫ్ రోజు పిలిస్తే అదనంగా ఇంత అని కాంట్రాక్ట్‌లో ఉందో లేదో చూడండి.

అడిగే పద్ధతి

ఒంటరిగా కొత్తగా చేరేవాళ్ళకి బేసిక్ జీతం మార్చరు, దాని మీద నోరు నొప్పి చేసుకోవద్దు. అడిగితే జరిగే అవకాశం ఉన్నవి ఇవి: బాండ్ తేదీ, బాండ్ ఏడాదికింత తగ్గేలా రాయడం, బేస్ ఊరు. రేణిగుంటలో బేస్ లేదు కాబట్టి చెన్నైనో బెంగళూరో హైదరాబాదో అడగండి, చెన్నై అయితే మూడు నాలుగు గంటల్లో ఇంట్లో ఉంటారు, అమ్మానాయనలకి వయసైతే అప్పుడు ఈ బేస్ విలువ తెలుస్తుంది. అడిగేది ఈమెయిల్‌లో అడగండి, మర్యాదగా, ఏ పేజీ ఏ లైను అని రాసి. ఫోన్లో "అదంతా చూసుకుంటాం లెండి" అంటే థ్యాంక్స్ చెప్పి, "మీరు ఫోన్లో చెప్పిన ప్రకారం" అని మళ్ళీ మెయిల్ పెట్టండి.

అందరూ కలిసి అడిగేది వేరే. మన దగ్గర దాని చరిత్ర అంత సులువుగా లేదు. 2009లో జెట్‌లో యూనియన్ పెట్టిన ఇద్దర్ని తీసేస్తే వందలమంది పైలట్లు ఒకేసారి సిక్ లీవ్ పెట్టినారు, అయిదు రోజులకి రాజీ అయింది. 2012లో ఎయిర్ ఇండియాలో డ్రీమ్‌లైనర్ అనే కొత్త పెద్ద విమానం ట్రైనింగ్ ఎవరికి అనే దాని మీద 58 రోజులు సమ్మె నడిచి ఢిల్లీ హైకోర్టు దాకా పోయి ముగిసింది, అందులో మూలం ఏందంటే ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ రెండూ కలిపినప్పుడు రెండు లిస్టుల సీనియారిటీ తేల్చకపోవడమే. అమెరికాలో దీనికి మెట్లు కట్టి ఉండాయి, 1926 నాటి రైల్వే లేబర్ చట్టాన్ని 1936లో విమానాలకి కూడా పెట్టినారు, కాంట్రాక్ట్ గడువు అయిపోయినా పాత షరతులే నడస్తాయి, మధ్యవర్తి బోర్డు, ఆ తర్వాత 30 రోజుల విరామం, అప్పుడు గానీ సమ్మె లేదు. డెల్టా పైలట్లు 2022లో 99 శాతం సమ్మెకి ఓటేసి, ఒక్క రోజు కూడా సమ్మె చేయకుండా 2023లో నాలుగేళ్ళకి మొత్తం 34 శాతం పెంపు తెచ్చుకున్నారు.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. ఒళ్ళు బాగున్నప్పుడు సిక్ లీవ్ పెట్టే పోరాటం నేను ఒప్పుకోను, మన మాట మీద మెడికల్ ఆధారపడి ఉంటుంది, ఒకసారి ఆ మాట పలచబడితే నిజంగా నలతగా ఉన్నప్పుడు ఎవరూ నమ్మరు. దానికంటే లెక్కలు పట్టుకోని కూర్చోవడం బలం. చేరిన మొదటి నెల నుంచే ఒక ఎక్సెల్ పెట్టుకోండి, ఇచ్చిన రోస్టర్ ఏంది, నిజంగా చేసిందేంది, ఎన్నిసార్లు మార్చినారు, ఎన్ని గంటలకి డబ్బులు రాలేదు. ఇరవై మంది ఇట్ల ఏడాది లెక్క తెచ్చి బల్ల మీద పెడితే మేనేజ్‌మెంట్ కూడా వింటుంది, నేను కళ్ళారా చూసినా. మొదట అడగాల్సింది కూడా జీతం పెంపు కాదు, గ్యారంటీ గంటలు, రోస్టర్ మార్పులు, బాండ్.

కమాండ్ దగ్గరికొచ్చినప్పుడు

ఏటీపీఎల్ పేపర్లు గంటలు నిండేముందే రాసేయండి, పిలుపు వచ్చినాక పుస్తకం తీసేవాళ్ళు బ్యాచ్ పోగొట్టుకుంటారు. ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్ నెలనెలా సరిచూసుకోండి. ట్రైనింగ్ ఫైల్లో మీ గురించి ఏం రాసినారో అడిగి చదువుకోండి. సిద్ధంగా లేకపోతే ఆరు నెలలు ఆగి పోవడం తప్పు కాదు, తప్పి వెనక్కి రావడం కంటే మేలు, కానీ ఆగితే నంబర్ ఏమవుతుందో ముందు కనుక్కోండి. కెప్టెన్ అయినాక లైన్ ట్రైనర్, ఇన్‌స్ట్రక్టర్, ఎగ్జామినర్ అని మెట్లు ఉండాయి, వాటికి అలవెన్స్ వస్తుంది, బాండ్ కూడా వస్తుంది, మళ్ళీ పెన్సిల్ తీయండి. 65 ఏళ్ళకి అందరూ దిగాల్సిందే కాబట్టి 25లో చేరినోడికి నలభై ఏళ్ళ దారి, ఒక ఏడాది ముందు వెనక అయితే కంగారు పడొద్దు.

పుత్తూరు అబ్బాయి సోమవారానికి సంతకం పెట్టలేదు. నాలుగు ప్రశ్నలు మెయిల్‌లో పెట్టి వారం గడువు అడిగినాడు, ఇచ్చినారు. బాండ్ తేదీ మార్చం అన్నారు, కానీ ఏడాదికి అయిదో వంతు తగ్గించేదానికి ఒప్పుకోని ఆ లైను కొత్తగా చేర్చి పంపినారు. వాళ్ళ నాయనకి ప్రతి పేజీ తెలుగులో చెప్పి, అప్పుడు తిరుపతి కోర్టు దగ్గర నోటరీ ముందర జామీను సంతకం పెట్టించినాడు, అన్ని పేజీలూ ఫోటోలు తీసి చెల్లెలి ఫోన్లో కూడా ఒక కాపీ పెట్టినాడు.